కలుషిత ప్రాంతాలలో వైద్య శిబిరాలు: అమరిక, నిర్వహణ, పౌరుల పాత్ర

వ్యాధి ప్రబలిన చోట గాని, విషవాయువు వ్యాపించిన చోట గాని నెలకొల్పే వైద్య శిబిరం సాధారణ వైద్య శిబిరం వంటిది కాదు. కంటి పరీక్షల శిబిరానికి నాలుగు బల్లలు, ఒక షామియానా చాలును. ఇక్కడ మాత్రం రోగి తనతో పాటు ఆపదను కూడా లోపలికి తెస్తాడు. ఆ ఆపద వైద్యునికి, నర్సుకు, పక్క మంచంలోని వానికి, నీళ్ళు మోసే స్త్రీకి అంటకుండా చూడగలిగినప్పుడే శిబిరం చికిత్సాలయమవుతుంది. లేనినాడు అదే వ్యాధికి నిలయమవుతుంది. బిస్సమ్ కటక్ పరిసరాలలోని తెలుగు కుటుంబాలకు ఈ శిబిరాల పనితీరు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం. ఏ నియమం ఎందుకు పెట్టారో తెలిసినవాడు దానిని మీరడు.

మన జిల్లాకు ఇది ఊహాగానం కాదు. 2007 వర్షాకాలంలో రాయగడ, కొరాపుట్, కలహండి జిల్లాలలో కలరా తీవ్రంగా చెలరేగి అనేక ప్రాణాలను బలిగొన్నది. 2022 జూలైలో కాశీపూర్ బ్లాకు గ్రామాలలో మళ్ళీ తలయెత్తింది. రెండుసార్లూ కాలం ఒకటే: ఊటబావులలోకి, వాగులలోకి కొండనీరు దిగే కాలం. అప్పుడే దారులు తెగుతాయి, ధాన్యపు గాదెలు ఖాళీ అవుతాయి. రోగిని మంచం మీద మోసుకొని వాగు దాటవలసిన ఊళ్ళలో ఆసుపత్రి ఎంత పెద్దదైనా దూరమే. కనుక చికిత్సను ఊరి దగ్గరకు తీసుకొని రావలసి వస్తుంది.

ఇక రసాయన ప్రమాదం సంగతి. తేరుబాలిలో ఫెర్రో అల్లాయ్ కర్మాగారం, జేకేపూర్‌లో కాగితపు మిల్లు, కాశీపూర్ బ్లాకులో అల్యూమినా శుద్ధి కర్మాగారం ఉన్నవి. విజయనగరం–రాయపూర్ రైలుమార్గం మన ఊరి మీదుగానే పోతుంది. వీటిలో దేనినీ అనుమానించనక్కరలేదు. అయితే ప్రమాదకర రసాయనాలను పెద్ద పరిమాణంలో వాడే కర్మాగారాలకు 1989 నాటి కేంద్ర నియమావళి ప్రకారం ప్రాంగణం వెలుపలి జనానికి వర్తించే అత్యవసర ప్రణాళిక ఉండాలి. ఏడాదికొకసారైనా దానిని అభ్యాసం చేసి చూడాలి. 1996 నియమావళి ప్రకారం జిల్లా స్థాయిలో సంక్షోభ నివారణ బృందం ఉండాలి. ఆ అభ్యాసం ఎప్పుడు జరుగుతుందో అడిగి తెలుసుకొనే హక్కు పౌరునికున్నది. అడిగేవారు లేని చోట అభ్యాసం కాగితం మీదనే ముగిసిపోవడం సహజం.

మొదటి ప్రశ్న: విషమా, క్రిమియా?

ఒకే రోజు ఒకే ఊరిలో పదిమందికి వాంతులు మొదలైతే కారణం వెంటనే తెలియదు. కలరా కావచ్చును, చెడిన ఆహారం కావచ్చును, బావిలో పడిన పురుగుమందు కావచ్చును. 2001లో కాశీపూర్ ప్రాంతంలో మామిడి టెంకల పిండి తిన్నవారు మరణించినప్పుడు అది విషాహారమా, ఆకలి చావా అన్న వివాదం దేశమంతటా చాలాకాలం నడిచింది. శిబిరానికి మాత్రం వాదోపవాదాలకు వ్యవధి లేదు. అది చేయవలసినవి రెండు. లక్షణాలను బట్టి చికిత్స వెంటనే మొదలుపెట్టాలి. మందు వేయకముందే మలం నమూనాను, తాగునీటి నమూనాను తీసి పంపాలి. యాంటీబయాటిక్ పడిన తరువాత తీసిన నమూనాలో క్రిమి కనబడకపోవచ్చును.

లక్షణాలు కొంత దారి చూపుతాయి. బియ్యం కడిగిన నీళ్ళవలె విరేచనం, కడుపునొప్పి గాని జ్వరం గాని లేకుండానే గంటలలో కళ్ళు లోతుకుపోవడం కలరాకు గుర్తు. కనుపాపలు గుండుసూది మొనంత చిన్నవై, నోట నురుగు, ఒళ్ళంతా చెమట, ఊపిరాడక గురక ఉంటే అది పురుగుమందు విషం. దగ్గు, కళ్ళమంట, ఛాతీ బిగింపు ఒకేసారి చాలామందిలో, అదీ గాలి వీచే దిక్కునున్న ఇళ్ళలో కనబడితే విషవాయువని అనుమానించాలి.

పురుగుమందు మాట వచ్చినది గనుక ఒక సంగతి. మన జిల్లాలో పత్తి సాగు విస్తారంగా ఉన్నది. పత్తిపై చల్లే ఆర్గానోఫాస్ఫేటు మందులు, యుద్ధాలలో వాడిన సారిన్ వంటి నరాల విషవాయువులు ఒకే కుటుంబానికి చెందినవి. శరీరంలో అవి చెరిచేది ఒకే ఎంజైమును. రెంటికీ విరుగుడు అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్. కాబట్టి రసాయన విపత్తుకు సిద్ధపడటమంటే ఎక్కడో జరిగే యుద్ధానికి సిద్ధపడటం కాదు. విషం మీద పడిన రైతుకూలీ తడిసిన చొక్కా విప్పించి, ఒళ్ళు సబ్బుతో కడిగించి, ఆ తరువాతనే మంచం మీద పడుకోబెట్టడం నేర్చుకొన్న చిన్న ఆసుపత్రి సగం సిద్ధపడినట్లే.

టోక్యో, విశాఖపట్నం నేర్పినవి

1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్ళలో సారిన్ విషం వదిలారు. సమీపంలోని సెయింట్ లూక్స్ ఆసుపత్రికి ఆ ఒక్క రోజే 640 మంది వచ్చారు. వారిని గుమ్మం దగ్గర ఆపి బట్టలు మార్పించే ఏర్పాటు లేదు. తిన్నగా లోపలికి తీసుకొన్నారు. గాలి సరిగా ఆడని ప్రార్థనాలయంలో కూడా కొందరిని ఉంచారు. రోగుల బట్టల నుండి వెలువడిన ఆవిరితో ఆసుపత్రి సిబ్బందిలో దాదాపు నాలుగో వంతు మందికి కళ్ళు మసకలు కమ్మడం, తలనొప్పి వంటి లక్షణాలు కలిగినట్లు తరువాతి విచారణలో తేలింది. రసాయన శిబిరానికి సంబంధించిన మొదటి సూత్రం ఇక్కడ నుండి వచ్చింది: శుద్ధి గుమ్మానికి వెలుపల, చికిత్స గుమ్మానికి లోపల.

మనకు దగ్గరి ఉదాహరణ 2020 మే 7 నాటి విశాఖపట్నం దుర్ఘటన. తెల్లవారుజామున 3 గంటల వేళ ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలోని ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడింది. ద్రవరూపంలో నిలువ ఉన్న స్టైరీన్ వేడెక్కితే తనలో తానే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఆ చర్య మరింత వేడిని పుట్టిస్తుంది. ఆ వేడి మిగిలిన ద్రవాన్ని ఆవిరిగా మారుస్తుంది. 12 మంది మరణించారు, వందలమంది కింగ్ జార్జ్ ఆసుపత్రిలోను ఇతర ఆసుపత్రులలోను చేరారు. నిద్రలోంచి లేచి పరుగెత్తినవారు వీధులలోనే కూలిపోయిన దృశ్యాలు తెలుగువారెవరూ మరువలేదు. స్టైరీన్ ఆవిరి గాలికంటె మూడు రెట్లకు మించిన బరువు గలది. అందుచేత అది నేలను అంటిపెట్టుకొని పల్లాలలో, కాలువలలో నిలుస్తుంది.

అటువంటి వేళ తడిగుడ్డ ముక్కుకు కట్టుకోమని అందరూ చెబుతారు. ఈ సలహాను కొంచెం విడమరిచి చెప్పుకోవాలి. అమ్మోనియా నీటిలో బాగా కరుగుతుంది కనుక తడిగుడ్డ దానిని చాలావరకు పట్టగలదు. క్లోరిన్‌ను కొంతమేరకు పడుతుంది. స్టైరీన్ నీటిలో దాదాపు కరగదు కనుక దాని విషయంలో తడిగుడ్డ వలన కలిగే మేలు స్వల్పం. కరోనా కాలంలో వాడిన మాస్కులు తుంపరలను, ధూళిని ఆపుతాయే గాని ఆవిరిని ఆపలేవు. ఆవిరిని పట్టేది ఉత్తేజిత బొగ్గు, అనగా సూక్ష్మరంధ్రాలతో నిండిన ప్రత్యేకమైన బొగ్గుపొడి. తడిగుడ్డను నమ్ముకొని వాయువు నిలిచిన చోటనే కూర్చొనుటకంటె, గాలి వీచే దిక్కుకు అడ్డంగా, మెరక వైపు నడిచిపోవడం మేలు. గాలికి ఎదురుగా పోయి వాయువు పుట్టిన చోటికే చేరుకోరాదు. గాలివాటున కూడా పరుగెత్తరాదు. పరుగెత్తినవాడు మామూలుకంటె అనేక రెట్లు గాలి పీలుస్తాడు.

అధికారులు ఇండ్లలోనే ఉండమని ప్రకటిస్తే పక్కా ఇంటిలో తలుపులు, కిటికీలు మూసి, సందులలో తడిగుడ్డలు కుక్కి, పంకాలు ఆపి, మేడ ఉంటే మేడమీది గదిలో ఉండాలి. పొయ్యి, దీపం వెలిగించకూడదు. కొద్దిసేపు వీచి పోయే వాయువుకు ఇది చక్కని రక్షణ. గంటల తరబడి సాగే లీకుకు మాత్రం కాదు. అప్పుడు ఊరు ఖాళీ చేయవలసిందే. ఈ రెంటిలో ఏది అన్నది కర్మాగారం ఇచ్చే సమాచారం మీద ఆధారపడుతుంది. 1984 డిసెంబరు 2–3 రాత్రి భోపాల్‌లో హమీదియా ఆసుపత్రి వైద్యులు తమ ముందు వేలమంది పడివుండగా వారు పీల్చినది ఏ వాయువో తెలియక చికిత్స చేయవలసి వచ్చింది. రసాయనం పేరు తెలియడం కూడా ఒక మందే.

గుమ్మం వెలుపలి శుద్ధి

రసాయన ప్రమాద స్థలాన్ని మూడు మండలాలుగా విభజిస్తారు. విషమున్న చోటు ఎర్ర మండలం. అక్కడికి తగిన తొడుగు గల శిక్షితులు తప్ప వైద్యులు కూడా పోరాదు. దాని అంచున శుద్ధి జరిగే పసుపు మండలం. ఆ వెనుక, గాలికి ఎగువన, మెరక మీద శిబిరమున్న పచ్చ మండలం. గాలి దిశ మారితే శిబిరం కూడా కదలవలసి ఉంటుంది. కనుక ఒక కర్రకు గుడ్డపేలిక కట్టి అందరికీ కనబడేటట్లు పాతడం చిన్న పనే అయినా మొట్టమొదట చేయవలసిన పని.

పసుపు మండలంలో జరిగేది సులభం: బట్టలు విప్పడం, కడగడం. బట్టలు తీసివేయడంతోనే ఒంటిమీది విషంలో అధికభాగం పోతుంది. చొక్కాను తలమీదుగా లాగక కత్తిరించి తీయాలి, లేకుంటే విషం ముఖానికి తగులుతుంది. తరువాత తల నుండి పాదాల వరకు ధారాళమైన నీరు, సబ్బు. కళ్ళను కనీసం 15 నిమిషాలు కడగాలి. పొడిసున్నం వంటివి మీద పడినప్పుడు మాత్రం ముందుగా పొడిగా దులిపి ఆ పిమ్మట నీరు పోయాలి. తడి తగిలితే సున్నం కాలుతుంది. కడిగిన నీరు గుంటలోకి పోయేటట్లు చూడాలి, ఎందుకంటే మన వాగుల నీరు నాగావళి, వంశధారలలో కలిసి శ్రీకాకుళం జిల్లాకు చేరుతుంది. అయితే గుంట తవ్వేదాకా రోగిని ఆపరాదు.

ఈ ఏర్పాటు ఎక్కువగా విఫలమయ్యేది రసాయన శాస్త్రం తెలియక కాదు, పరదా లేక. పదిమంది మగవారి ఎదుట బట్టలు విప్పమంటే ఏ స్త్రీ ఒప్పుకుంటుంది? ఆమె తడిసిన చీరతోనే లోపలికి వస్తుంది, విషమూ ఆమెతో వస్తుంది. స్త్రీలకు వేరుగా టార్పాలిన్ గదులు, స్త్రీ సిబ్బంది, మార్చుకొనుటకు చీరలు, లుంగీలు, దుప్పట్లు ముందే సమకూర్చుకొని ఉండాలి. విడిచిన బట్టలను, మంగళసూత్రాన్ని, సెల్‌ఫోనును సంచిలో కట్టి పేరు రాసి భద్రపరుస్తామని చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే వృద్ధులు తమ మొలలోని డబ్బు మూటను విడవరు.

గాలిని లోపలికి రానీయని గది, బయటికి పోనీయని గది

రక్షిత చికిత్సా గృహాలలో గాలిపీడనం ముఖ్యమైన ఆయుధం. చాలామంది దీనిని తారుమారుగా అర్థం చేసుకుంటారు. వెలుపల విషం ఉన్నప్పుడు గదిలోపల గాలిపీడనం కొంచెం ఎక్కువగా ఉండాలి. శుద్ధియంత్రం ధూళిని పట్టే వడపోత గుండా, ఆపైన ఉత్తేజిత బొగ్గు గుండా గాలిని లోనికి తోస్తుంది. సందులలో నుండి గాలి ఎప్పుడూ బయటికే పోతుంది. గాలి ద్వారా సోకే వ్యాధి రోగి లోపల ఉన్నప్పుడు దీనికి విరుద్ధంగా పీడనం తక్కువగా ఉండాలి, గాలి వెలుపలి నుండి లోపలికే పోవాలి. ఒకదానికి బదులు మరొకటి అమర్చితే కలిగేది కీడే.

రెండు విధాల గదులకూ జంట తలుపుల నడవ ఉంటుంది. ఒక తలుపు మూసిన పిదపనే రెండవది తెరవాలి. హడావిడిలో రెండూ ఒకేసారి తెరిస్తే పీడనం పోతుంది. గాలి తీసుకొనే గొట్టం దగ్గర జనరేటరు పెట్టరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడును బొగ్గు వడపోత ఆపలేదు. వడపోతకు కూడా ఆయువు ఉన్నది. నిండిన బొగ్గు ఇక పట్టదు. మార్చిన తేదీని దాని మీదనే రాసి ఉంచాలి.

ఇంత యంత్రసామగ్రి సైన్యానికి, జాతీయ విపత్తు ప్రతిస్పందన దళానికి, పెద్ద ఆసుపత్రులకు సాధ్యం. చిన్న ఊళ్ళలో ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు, చుట్టూ వరండా గల పాతకాలపు భవనం క్షయ వంటి గాలి వ్యాధులకు చవకైన, మంచి రక్షణ. కలరాకు అయితే పీడనంతో పనే లేదు. అది గాలిలో రాదు. చేతిమీదుగా, నీటిమీదుగా వస్తుంది. కలరా రోగిని చూసి ముక్కు మూసుకొని, చేయి కడుక్కోవడం మరచేవారిని తరచుగా చూస్తుంటాము.

కలరా శిబిరం అమరిక

మన ప్రాంతంలో పౌరుడు చూడగల శిబిరం బహుశః ఇదే కనుక దీనిని వివరంగా చెప్పడం అవసరం.

స్థలం మెరక మీద, బావులకు కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలి. చుట్టూ కంచె, లోనికి ఒకే దారి. బడి భవనం వాడుకోవచ్చును, కాని బడి నడుస్తుండగా కాదు. గుమ్మంలో చేతులు కడిగే తొట్టి, పాదాలు తడిపే పళ్ళెం ఉంటాయి. లోపల మొదట పరీక్షాస్థలం. అక్కడ నుండి తీవ్రంగా ఉన్నవారు ఒక వైపు, ద్రావణం తాగగలిగినవారు మరొక వైపు. కోలుకుంటున్నవారికి వేరే పందిరి. సిబ్బంది భోజనం, మందుల నిల్వ, తాగునీరు కంచె లోపలే గాని రోగులు రాని భాగంలో ఉంటాయి. శవాల గది, వ్యర్థాల గుంట చివరన. నీరు, మనుషులు, బకెట్లు శుభ్రమైన వైపు నుండి మలినమైన వైపుకే సాగాలి, తిరుగుదారి లేదు.

కలరా మంచం చూసినవారికి వింతగా తోచవచ్చును. నడుము దగ్గర రంధ్రం గల మంచంపై ప్లాస్టిక్ పట్టా పరచి, కింద బకెట్ పెడతారు. మనిషి మర్యాదను తీసివేసినట్లు కనబడినా దీని ప్రయోజనం గొప్పది. లేచి మరుగుదొడ్డికి నడవలేనివానిని నడిపించి పడేయకుండా కాపాడుతుంది. ఎంత ద్రవం పోయిందో బకెట్‌లో కొలిచి అంతే తిరిగి ఎక్కించవచ్చును. ఊరి నులక మంచానికి రంధ్రం చేసి కూడా దీనిని తయారు చేయవచ్చును, నులక మీద ప్లాస్టిక్ పరచడం తప్పనిసరి. మంచానికీ మంచానికీ మధ్య అడ్డుగుడ్డ ఉండాలన్నది వైద్యం కాకపోయినా వైద్యమంత ముఖ్యం.

నీటి లెక్క నిర్వాహకులను తరచు దెబ్బతీస్తుంది. ఒక్కొక్క రోగికి రోజుకు 60 లీటర్లు, సహాయకునికి 15 లీటర్లు కావాలి. ఇరవై మంది రోగులు, ఇరవై మంది సహాయకులు ఉంటే రోజుకు 1,500 లీటర్లు. చేతిపంపు ఒక్కటే ఆధారమైతే ఇద్దరు మనుషులు రోజంతా కొట్టవలసిందే. అందుకే శిబిరం స్థలం ఎంచేటప్పుడు కప్పుకంటె ముందు నీటిని చూడాలి.

మందునీళ్ళు మూడు బలాలలో తయారు చేస్తారు. చేతులకు 0.05 శాతం, నేలకు, మంచాలకు, పాదాలకు 0.2 శాతం, మలానికి, వాంతికి, శవశుద్ధికి 2 శాతం క్లోరిన్. కొత్త బ్లీచింగ్ పౌడరులో సుమారు 30 శాతం క్లోరిన్ ఉంటుంది. ఆ లెక్కన 20 లీటర్ల బకెట్‌కు చేతులకైతే సుమారు 33 గ్రాములు, నేలకైతే 133 గ్రాములు, మలానికైతే 1,330 గ్రాములు. మూడు బకెట్లకు మూడు రంగులు వేయడం మేలు. చదువు రానివారు, ఒడియా మాత్రమే తెలిసినవారు, కువి మాట్లాడే డోంగ్రియా కొంధులు అందరూ రంగును గుర్తుపడతారు. తెరచి ఉంచిన సంచిలోని బ్లీచింగ్ పౌడరు వర్షాకాలపు తేమకు వారాలలోనే నిర్వీర్యమవుతుంది. వాసన లేని పౌడరును నమ్ముకొన్న శిబిరం ఉత్త తెల్లనీళ్ళు చల్లుతున్నట్లే.

ఇక్కడ ఒక హెచ్చరిక. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన గదిలో ఇది ప్రాణం తీయగలదు. క్రిమిని చంపబోయి శిబిరాన్నే విషగృహం చేసినట్లవుతుంది. ఆ రెండు సీసాలను ఒకే అలమరలో ఉంచకపోవడమే మంచిది.

ప్రాణం నిలిపేది నీరు, ఉప్పు

కలరా మనిషిని చంపేది నీరు లాగివేసి. ఆ విషపదార్థాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే కనుగొన్నారు. తీవ్ర దశలో గంటకు లీటరు వరకు నీరు పోవచ్చును. కనుక 50 కిలోల మనిషి నాడి అందకుండా వస్తే 5 లీటర్ల రింగర్ లాక్టేట్, అనగా పది అరలీటరు సీసాలు, మూడు గంటలలో ఎక్కించాలి, అందులో 1.5 లీటర్లు మొదటి అరగంటలోనే. ఏడాది లోపు పసివారికి నెమ్మదిగా, ఆరు గంటలలో. ఇది వైద్యసిబ్బంది పని. కాని సీసాలు లెక్కపెట్టగల బంధువు శిబిరానికి ఎంతో ఉపయోగపడతాడు.

మిగిలిన అధికసంఖ్యాకులకు సూదే అక్కరలేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిల్వలు అయిపోగా, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో పోసి బంధువుల చేతనే తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపునకు తగ్గాయి. నేటి ఓఆర్ఎస్ పొట్లం దాని సంతతి. పొట్లం మొత్తం ఒక లీటరు నీటిలోనే కలపాలి. సగం పొట్లం ఒక గ్లాసులో వేసి ఇవ్వడం హానికరం. పొట్లం దొరికేలోగా లీటరు శుద్ధమైన నీటిలో సమతలంగా కొలిచిన 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. వాంతి చేసుకున్నా పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో పట్టాలి. తల్లిపాలు ఆపరాదు. పిల్లలకు జింకు మాత్రలు 10 నుండి 14 రోజులు. కలరాకు ఇచ్చే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలోని పరిశోధనాలయం నుండి 1948లో వెలువడింది. అయినా మందు రెండవది, నీరు మొదటిది.

అందుచేత పెద్ద శిబిరం ఒకటి పెట్టి ఊళ్ళన్నీ అక్కడికే రావాలనుట తెలివైన పద్ధతి కాదు. కొండ ఊళ్ళలో ఆశా కార్యకర్త ఇంటి వరండాలోనే ద్రావణ కేంద్రం నడవాలి. రోగి దారిపొడుగునా తాగుతూ శిబిరానికి రావాలి. 1954లో డెన్మార్క్ దేశస్థురాలు డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ నెలకొల్పిన బిస్సమ్ కటక్ క్రిస్టియన్ ఆసుపత్రి ఊళ్ళలోకి వెళ్ళి ప్రజారోగ్య కార్యక్రమం కూడా నడపడం వెనుక ఉన్న తర్కం ఇదే. బుధవారం చాటికోన సంత వంటి చోట్ల కొండల నుండి జనం దిగుతారు. వ్యాధి అక్కడ నుండి నాలుగు దిక్కులకు పోగలదు, సమాచారం కూడా పోగలదు. సంత మూయించుట కంటె సంతలో శుద్ధమైన నీటి తొట్టి, కువిలో చెప్పగల మనిషి ఉండటం లాభమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సిబ్బంది, బంధువులు

2018 మే నెలలో కేరళలో నిపా వైరస్ సోకిన రోగికి సేవచేసిన పెరాంబ్ర తాలూకా ఆసుపత్రి నర్సు లిని ఆ వ్యాధితోనే మరణించారు. రోగికి ఏ వ్యాధి ఉన్నదో అప్పటికి ఎవరికీ తెలియదు. తెలియని జ్వరం వచ్చినప్పుడే తొడుగు ఎక్కువ అవసరం. తొడుగు వేసుకొనుటకంటె తీయుట కష్టం. అంటు పట్టేది తీసేటప్పుడే. కనుక ఇద్దరిద్దరుగా పనిచేయాలి, ఒకరు తీస్తుండగా మరొకరు చూస్తుండాలి. మన ఉక్కలో పూర్తి తొడుగుతో గంటకు మించి పనిచేయించరాదు. కళ్ళు తిరిగి పడిపోయిన నర్సు మరొక రోగి.

రోగికి ఒక్క సహాయకుడు చాలును. అతనికి సబ్బు, భోజనం శిబిరమే ఇవ్వాలి. ఇంటి నుండి తెచ్చిన అన్నం, తిరిగి పోయే గిన్నె రెండూ దారులే. మరణం సంభవిస్తే శవాన్ని 2 శాతం ద్రావణంతో శుద్ధి చేసి, వీలైనంత త్వరగా, కొద్దిమందితో అంత్యక్రియలు జరపాలి. శవస్నానం చేయించిన చేతులతోనే వంట చేసి ఊరంతటికీ పెట్టడం వలన కలరా పొరుగు ఊళ్ళకు పాకిన సందర్భాలు లోకమంతటా ఉన్నాయి. దీనిని ఆజ్ఞగా చెబితే కుటుంబం శవాన్ని రాత్రికి రాత్రి తీసుకొనిపోతుంది. కులపెద్దతో, ఊరి పూజారితో ముందుగా మాట్లాడి, ముఖం చూసుకోవడానికి, కాళ్ళకు మొక్కుకోవడానికి వీలిచ్చి, భోజనాలను కొన్ని వారాలకు వాయిదా వేయమంటే వింటారు.

శిబిరం మూసేటప్పుడు

చివరి రోగి వెళ్ళిన మర్నాడే పందిళ్ళు విప్పరాదు. కొత్త రోగులు రావడం ఆగిన తరువాత కూడా కొన్ని రోజులు ద్రావణ కేంద్రాన్ని నడపాలి. పరుపులు, చాపలు తగులబెట్టి, ప్లాస్టిక్ పట్టాలు, మంచాలు 0.2 శాతం ద్రావణంతో కడిగి ఎండలో ఆరబెట్టాలి. బడిని వాడుకొని ఉంటే గోడలు, నేల కడిగి, బావికి క్లోరిన్ వేసి, అరగంట తరువాత లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలినట్లు పరీక్షించి, ఆ ఫలితాన్ని ప్రధానోపాధ్యాయునికి రాతపూర్వకంగా ఇవ్వాలి. అనుమానాస్పదమైన వాంతులు, విరేచనాలు మళ్ళీ కనబడితే 108కు గాని, ఆరోగ్య సమాచార సంఖ్య 104కు గాని తెలుపవలసినదిగా ఊరిలో చాటింపు వేయించాలి. వ్యర్థాల గుంటపై సున్నం, మట్టి కప్పి, చుట్టూ రాళ్ళు పాతి, ఎవరూ అక్కడ బావి తవ్వకుండా ఆ చోటును పంచాయతీ పుస్తకంలో నమోదు చేయించాలి.